ఎవరింటి పొగ

గాలిలో పొగను కొలిచే లేజరు మిషనుతో బహదూర్‌పురాలో పాలమ్మే సత్తెమ్మ డాబా ఎక్కిన మర్నాటి నుంచే ఇస్సాకుకు అన్నం సహించలేదు. ఎదురుగా ఎముకలు ఉడికించి కొవ్వు తీసే కార్ఖానా. దాని పొగ ఆకాశానికి పోదు, దిగొచ్చి ఒంటికి అంటుకుంటుంది. పొద్దున్నే దూరదర్శిని అద్దాన్ని స్పిరిట్ దూదితో తుడిస్తే దూది పసుప్పచ్చగా జిడ్డెక్కేది. ఆ జిడ్డే తన నాలుక మీదా పేరుకుంటోందనిపించేది.

లేజరు వెలుగు పొగకు తగిలి తిరిగొస్తే దూరదర్శిని పట్టాలి. రెండింటి చూపూ ఎక్కడ కలిస్తే అక్కడినుంచే మిషనుకు కళ్లు, అంతకన్నా దగ్గరిది దానికి కనబడదు. ఆ కలయికను కిలోమీటరు అవతల పెట్టమన్నాడు ప్రయోగశాల పెద్దసారు. దగ్గరి వెలుగు ఎక్కువై పరికరం చెడుతుందన్నాడు. అబద్ధం కాదు. కానీ చిమ్నీ మూడువందల గజాల్లోనే ఉంది. అలా పెడితే రేపు వచ్చే తనిఖీవాళ్లు తెర మీద పొగ లేనట్టు చదునైన గీత చూసి, గాలి శుభ్రమని చెప్పి పోతారు.

సత్తెమ్మ పాలకు కంపు పట్టిందని పురానాపూల్ హోటలువాడు క్యాన్లు తిప్పి పంపాడు. కార్ఖానా కదలకపోతే ఆమె బర్రెలను అమ్ముకోవాల్సిందే.

"గా మిషన్‌కు పొగ కనబడ్తదా సారూ?" మజ్జిగ అందిస్తూ అడిగింది.

"కనబడ్తదమ్మా."

"కనబడనిస్తరా అని అడుగుతున్న."

ఇస్సాకు ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మజ్జిగలోనూ అదే కొవ్వు. మింగలేక అలాగే నిలబడ్డాడు. ఆమె చూసి, ఆరిన బట్టలు తీసే నెపంతో అటు తిరిగింది. అతడు పిట్టగోడ అవతల ఉమ్మేశాడు.

ఆ తర్వాత మరలు వదులు చేసి, వెలుగు తగ్గేందుకు మసకగాజు అడ్డం పెట్టి, రెండు చూపులనూ చిమ్నీ మీదే కలిపాడు. తెర మీద గీత నిట్టనిలువునా లేచింది.

సాయంత్రం పెద్దసారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. గీతను చూసి కసురుకున్నాడు. ఇంతలో ఆయనకు కింద వాకిట్లో సత్తెమ్మ పిడకల పొయ్యి కనబడింది.

"సరే, ఉండనీ. పాడివాళ్ల పిడకల పొగ అని రాద్దాం. ఎవరు కాదంటారు?"

ఎముకల కంపుకు పుట్టని రోత ఇస్సాకుకు అప్పుడు పుట్టింది. పొగ ఎంత దూరాన ఉందో గీతే చెబుతుందనీ, అది చిమ్నీ దగ్గరేననీ అన్నాడు.

"తనిఖీవాళ్లకు గీత చదవడం వచ్చా?" అని నవ్వాడు పెద్దసారు.

కింద సత్తెమ్మ అంతా విన్నది. ఉడుకుతున్న అన్నం గిన్నె దించి, పొయ్యిలో బిందెడు నీళ్లు గుమ్మరించింది. పక్కింటి మైసయ్యను పిలిచింది.

"అన్నా, నీ పొయ్యి గూడ ఆర్పు. రేపు సార్లు పోయేదాక గల్లీల పిడక ముట్టియ్యొద్దని చెప్పు. ఒక్కపూట పస్తుంటే సావం."

ఒక్కొక్క వాకిలే ఆరిపోయింది. ఇస్సాకు మళ్లీ లేజరు వెలుగు వదిలాడు. గీత వెంట్రుకవాసైనా తగ్గలేదు. తెరను పెద్దసారు వైపు తిప్పాడు. ఆయన రుమాలు తీయకుండానే మెట్లు దిగిపోయాడు.

కింద సగం ఉడికిన అన్నం. తడిసిన బూడిద వాసన డాబా మీదికి ఎక్కి, ఒక్క క్షణం కొవ్వు కంపును కప్పేసింది. ఇస్సాకు దాన్ని గుండెనిండా పీల్చుకున్నాడు. అంతలోనే గాలి తిరిగింది.