ముక్కాలిపీట మీద శ్రుతి

సత్యం ఇంట్లో రేడియో పెట్టె పెళ్లాన్ని చూస్తే ఏడుస్తుందనీ, మరదల్ని చూస్తే పాడుతుందనీ పక్కింటి వెంకటరత్నమ్మ కుళాయి దగ్గర నలుగురిలో అన్నదట. ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి, పాలు పోసే రత్తయ్య నోట సత్యం పెళ్లాం సుబ్బరత్నం చెవిన పడింది. "నాకెందుకులేమ్మా, అనుకుంటుంటే విన్నాను" అని కూడా అన్నాడు వాడు, చెంబులో పాలు ఒంపుతూ.

మాట అబద్ధమైతే వెంకటరత్నమ్మ గుమ్మంలోకి పోయి దులిపేసి వచ్చేదే. నిజమై కూర్చుంది, అదీ బాధ.

సత్యానికి బెజవాడ వన్ టౌన్‌లో బట్టలకొట్టు. యుద్ధం ముగిశాక మిలిటరీ పాతసామాన్లలో ఒక రేడియో వాల్వు దొరికింది. దాంతో సొంతంగా సెట్టు కట్టి మద్రాసు స్టేషను వినాలని పట్టుబట్టాడు. వెదురుగొట్టం మీద రాగితీగ చుట్టబోతే చుట్టు మీద చుట్టెక్కి చిక్కుపడింది. చూడలేక సుబ్బరత్నం లాక్కుంది. పుట్టింట్లో మగ్గాలకు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. చుట్టు పక్కన చుట్టు, గోరు దూరనంత బిగువుగా చుట్టి, మైనం పూసి ఇచ్చింది. పెద్ద చుట్టలోకి దూరే చిన్న చుట్ట కూడా ఆమె చుట్టిందే. ఆ చిన్నదాన్ని లోపలికి జరిపితే పాటకు బలం వస్తుంది, మరీ జరిపితే సెట్టు కూత పెడుతుంది.

సరిగ్గా అప్పుడే దిగింది ఛాయాదేవి. సత్యం మేనమామ కూతురు. టీచరు ట్రైనింగుకని కంకిపాడు నుంచి వచ్చింది. జాతకాలు కుదిరి ఉంటే ఈ ఇంటి కోడలై ఉండేది. స్టేషను కోసం బావ సెట్టును శ్రుతి చేస్తుంటే పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. చెవులకు పెట్టుకునే డిప్పలు రెండు ఉంటే, ఒకటి బావ చెవికి, ఒకటి మరదలి చెవికి. రెండు తలల మధ్య దువ్వెన పట్టే సందు లేదు. "ఇంకొంచెం బావా... పోయింది... ఆఁ, వచ్చింది వచ్చింది!" సాయంత్రాలన్నీ ఇదే గోల.

స్టేషను దొరికాక, ఇంటిల్లిపాదికీ సన్నగానైనా వినపడాలని డిప్పల్ని ఇత్తడిగిన్నెలో పెట్టారు. అప్పటినుంచీ వచ్చింది తంటా. సుబ్బరత్నం దగ్గరికొచ్చిందా, గిన్నెలోంచి కీఁమని కూత. "దూరం, దూరం!" అంటాడు సత్యం, మైలపడ్డట్టు. పీట మీది మహాతల్లిని మాత్రం ఏమీ అనడు.

ఆ సాయంత్రం దీపం పెట్టగానే సుబ్బరత్నం నేరుగా పెట్టె దగ్గరికి వచ్చింది.

"లే, ఛాయా. ఇవాళ నేను కూర్చుంటాను."

"కూర్చో అక్కయ్యా, దానికేం" అని ఛాయ నవ్వుతూ గుమ్మం దాకా జరిగింది. ఆ నవ్వే ఒంటికి కారం రాసినట్టయింది సుబ్బరత్నానికి. పీటను ఛాయ కూర్చునే చోటుకన్నా జానెడు ముందుకు లాగి, మొగుడి భుజం తగిలేలా కూర్చుంది.

గిన్నె గొల్లుమంది. పక్కింటి కిటికీ తెరుచుకోవడం కూడా వినపడింది.

"అబ్బ, లేవవే!" అన్నాడు సత్యం. ఆమె విసురుగా లేచి గోడవారకు పోయింది. కూత ఆగింది, పాటా లేదు. "ఛాయా, ఓసారి ఇలా రా. పీట వెనక్కి లాక్కో." ఛాయ వచ్చి కూర్చుంది. గిన్నెలోంచి పాట సన్నగా, తేనె కారినట్టు వచ్చింది.

సత్యం తొడ చరుచుకున్నాడు. "ఇదీ కిటుకు! ఛాయ ఇక్కడ కూర్చునుండగా శ్రుతి చేశాను గదా, దాని ఒళ్లు కూడా సర్క్యూట్లో కలిసిపోయింది. అది లేస్తే స్టేషను జరిగిపోతుంది. ఇంకెవరైనా మీదికొస్తే కూత పెడుతుంది!"

"రాసిపెట్టి ఉండాలిలేరా దేనికైనా" అంది తల్లి పద్మావతమ్మ, తమలపాకు ఈనె తీస్తూ.

అప్పుడు చూశాడు సత్యం పెళ్లాం మొహం. "నామీద ఎందుకే ఆ చూపు? శ్రుతి చేసేటప్పుడు నువ్వే పక్కన కూర్చునుంటే నీకే కుదిరేదిగా! అప్పుడెక్కడికి పోయావు?"

"వంటింట్లో ఉన్నానండీ, మీ ఇద్దరికీ పెసరట్లు పోస్తూ."