పేరయ్య తాత పంచె

పురుడు వెళ్ళకముందే మావాడి కళ్ళు పచ్చబడ్డాయి. పుట్టిన పిల్లలకి కాస్త పచ్చదనం మామూలే, లేత ఎండ చూపిస్తే పోతుందని అందరూ అన్నారు. చూపించాం. పోలేదు. ఆ మధ్యాహ్నం గుడ్డ మార్చబోతే మూత్రం డికాషన్ రంగులో ఉంది. రొమ్ము నోటికందిస్తే పట్టుకోవడం లేదు.

నాకు మా తమ్ముడి సంగతి గుర్తొచ్చింది. వాడి ముఖం నాకు తెలియదు, అప్పటికి నేనూ చిన్నదాన్నే. పురిట్లోనే పచ్చకామెర్లతో పోయాడని విన్నానంతే. అమ్మ పాలు పడకే పోయాడని మా నాయనమ్మ పిచ్చమ్మ ఊరంతా చెప్పింది. అమ్మ ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు అదే ఇంట్లో, అదే మంచం మీద నేను, నా ఒళ్ళో మగపిల్లాడు.

ఫోన్ చేయగానే మా ఆయన వీరబాబు కల్లంలో మిరపకాయలు అలాగే వదిలేసి, ఎవరిదో ఆటో అడిగి తోలుకొచ్చాడు. నేను, అమ్మ, నాయనమ్మ ఎక్కాం. గుంటూరు శివారు నల్లపాడు దాటేదాకా పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉన్నాను.

గుంటూరు ఆసుపత్రిలో వాణ్ణి కళ్ళకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఒంట్లో ఎర్రకణాలు పగిలిపోతున్నాయని, కారణం తెలియాలని డాక్టరుగారు అన్నారు.

"నాటుమందేమన్నా పోశారా? ఇంకేదైనా వాడారా?"

"లేదండీ," అన్నాం ముగ్గురం. మాకు తెలిసినంతలో అది నిజమే.

లైటు కింద కొంచెం తేరుకున్నాడు. పాలకోసం చేతికిచ్చినప్పుడల్లా నాయనమ్మ సంచిలోంచి మెత్తటి పాతగుడ్డ తీసి చుట్టేది. పురుడు వెళ్ళేదాకా పిల్లలకి కొత్తబట్ట కట్టకూడదు మా వైపు. నిండుగా బతికినవాళ్ళ పాతబట్ట కడితే వాళ్ళ ఆయుష్షు వస్తుందని నమ్మకం. ఆ గుడ్డ మా ముత్తాత పేరయ్య పంచె. తొంభై దాటినా చేలో గట్ల మీద తిరిగిన మనిషి. ఇన్నేళ్ళూ పెట్టెలో దాచిన పంచెని, వాడు పుట్టిన రోజే, నాయనమ్మ నా కొడుకు కోసం తనే చింపింది.

మర్నాటికి రక్తం మళ్ళీ తగ్గింది. ఎక్కించాల్సి రావచ్చన్నారు.

"డబ్బాపాలు పట్టండి," అంది నాయనమ్మ. "తల్లి పోలికేగా దీనిక్కూడా. వాళ్ళ పాలే అంత."

అమ్మ కిటికీ వైపు తిరిగింది.

అప్పుడే నర్సింగ్ కాలేజీ మేడం జాస్మిన్‌గారు కొందరు స్టూడెంట్లను వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లాణ్ణి చూపించి వాళ్ళను ఏదో అడగబోయి, వంగి నా ఒళ్ళోంచి ఎత్తుకున్నావిడ ఆగిపోయారు. గుడ్డ వాసన చూశారు.

"ఇదెక్కడిదమ్మా?"

నాయనమ్మ ముఖం వెలిగింది. "మా మావగారి పంచండీ. ఇనప్పెట్టెలో దాచాను. పురుగు పట్టకుండా కలరా ఉండలేసి."

"ఉతికారా?"

"తెల్లగా మల్లెపువ్వల్లే ఉందిగా, ఎందుకుతకటం? ఉతికితే ఆయన ఒంటి గుణం పోదూ?"

మేడం వెంటనే పంచె విప్పేసి, పిల్లాడి ఒళ్ళు తుడిపించి, ఆసుపత్రి గుడ్డలో చుట్టారు. పంచెను సంచిలో పెట్టి ముడివేసి బయటికి పంపించారు. ఒకమ్మాయి డాక్టరుగారి కోసం పరుగెత్తింది. జీ-సిక్స్-పీడీ అనే పరీక్షకు రక్తం తీశారు.

ఆ తర్వాత ఆవిడ నా మంచం మీదే కూర్చున్నారు. నేను పదో తరగతిలో కణం బొమ్మ గీసి రంగులు వేసినదాన్ని. పెళ్ళితో చదువు అక్కడే ఆగింది. అయినా ఆవిడ చెబుతుంటే కొంత అందింది. ఎర్రకణం తనను తాను కాపాడుకోవడానికి ఒక ఎంజైమ్ ఉంటుందట. మావాడికి అది తక్కువ కావచ్చట, అలాంటివాళ్ళకి కలరా ఉండల ఘాటుకే కణాలు పగిలిపోతాయట. దాన్ని చేయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లకి అవి రెండు, ఒకటి లోపమైనా ఎక్కువసార్లు రెండోది కాస్తుంది. మగపిల్లాడికి ఒకటే, అదీ తల్లి దగ్గర్నుంచే.

"అయితే నేనేనా ఇచ్చింది?"

"నువ్వే. నీకు మీ అమ్మో నాన్నో ఇచ్చుంటారు. ఎవరైనా ఎంచి ఇస్తారా ఏంటి? వాడి ముక్కు నువ్వు ఎంచే ఇచ్చావా? పాలకీ దీనికీ ఏ సంబంధం లేదు. ఇవ్వు, మానొద్దు."

నాయనమ్మకి ఆ మాటల్లో ఒక్కటీ ఎక్కలేదు. పంచె వెళ్ళిన తలుపు వైపే చూస్తోంది.

"ఏమంటందే ఆవిడ?"

నాకు తెలిసినట్టు చెప్పాను. "కల్లంలో కాయ ఆరబోశాం అనుకో నాయనమ్మా. అందరికీ పెద్ద పట్టా ఉంది, వానొస్తే కప్పేస్తారు. మనోడిది చిన్న పట్టా. ఎండ కాసినన్నాళ్ళూ తేడా తెలీదు. వానొస్తే కాయ తడుస్తది. ఆ కలరా ఉండల ఘాటే వాన."

"పట్టా పెద్దది కాదా?"

"కాదంట. వాన పడకుండా మనమే చూసుకోవాలి."

జాస్మిన్‌గారు స్టూడెంట్ల వైపు తిరిగారు. "ఇది పరీక్షలో రాయకండి, సున్నా వేస్తాను. డిశ్చార్జి చేసేటప్పుడు మాత్రం ఇలాగే చెప్పండి."

అమ్మాయిలు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. అమ్మను పిలిచింది.

"దుర్గా. అప్పుడు నీ బుడ్డోడికీ నేను ఆ పెట్టెలో బట్టే కట్టాను."

అమ్మ మేడం వైపు చూసింది. "అప్పటి సంగతి ఇప్పుడు చెప్పలేమమ్మా," అన్నారావిడ మెల్లగా. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు."

"తెలిసి కట్టలేదుగా అత్తయ్యా," అంది అమ్మ. "నా పాలని మాత్రం ఇంక అనకండి."

"అనను," అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం మావాడికి రక్తం ఎక్కించారు. మరుసటి పూట నోటికందించిన రొమ్ము ఎంత గట్టిగా పట్టాడంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికేనని అమ్మతో చెప్పాను. రిపోర్టులో లోపం ఉన్నట్టే వచ్చింది. కొన్ని నెలలాగి ఇంకోసారి పరీక్ష చేయించమన్నారు. జాగ్రత్తగా ఉంటే అందరు పిల్లల్లాగే బడికెళతాడు, ఆడతాడు అన్నారు. ఆ మాట డాక్టరుగారి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాయనమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏమేం తగలకూడదో ఇంకోసారి చెప్పవే."

"కలరా ఉండలు. కొన్ని మలేరియా బిళ్ళలు, ఇంకా కొన్ని మందులు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఈ సంగతి చెప్పాలి."

"కర్పూరం?"

"పసివాడి దగ్గర అదీ వద్దన్నారు."

"మిరపకాయ?"

"గుంటూరోడికి మిరపకాయ పడకపోతే ఎట్టా నాయనమ్మా," అన్నాడు వీరబాబు ముందునుంచి.

"నిన్నడగలేదు. ముందు చూసి తోలు."

ఆసుపత్రి గుడ్డ తిరిగి ఇచ్చేశాం. నా చీర కొంగులో నిద్రపోతున్నాడు వాడు. నాయనమ్మ వాడి పాదం పట్టుకుని కాసేపు చూసింది. కళ్ళలో పచ్చ ఇంకా కొంచెం ఉంది కానీ అరికాళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి.

"ఏమయ్యా, ఎక్కడన్నా బట్టలకొట్టు దగ్గర ఆపు."

"పురుడు వెళ్ళలేదుగా," అన్నాను.

"వెళ్ళకపోతే ఏం? పిల్లాడు కొంగులో ఎన్నాళ్ళుంటాడు? మెత్తటి నూలుగుడ్డ, తెల్లది, నాలుగు గజాలు తీసుకో."

"ఉతికాకే కట్టాలత్తయ్యా," అంది అమ్మ.

"ఊఁ. ఉతికాకే."