ముట్టుకోకూడని ప్యానెల్

మూడో వరుస తుడిచేసి, పొడవాటి కర్రబ్రష్షు భుజాన వేసుకుని, తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఆమె నాలుగో వరుసకు నడిచింది. ఎండెక్కాక సోలార్ ప్యానెళ్ల అద్దం కాలిపోతుంది. అప్పుడు చన్నీళ్లు తగిలితే పగులుతుంది. అందుకే పొద్దున్నే ఆరుగురు ఆడవాళ్లు ఉరుకులు పరుగుల మీద పని ముగిస్తారు. వాళ్లలో ఈమెను అందరూ 'తుడుపక్క' అంటారు. పన్నెండేళ్లుగా ఇదే పని. చేతులు ఊరుకోవు. ఇంట్లో భర్త కళ్లద్దాలు ముక్కుమీద ఉండగానే తుడిచేస్తుంది. "కాసేపు కదలకుండా కూర్చుంటే నన్నూ కడిగి బోర్లిస్తావే," అంటాడాయన.

వరుస చివర జంట ప్యానెళ్లున్నాయి. ఒకటి రోజూ తుడవాలి. రెండోది నెలంతా ముట్టుకోకూడదు. రెండూ ఇచ్చే కరెంటులో తేడాను బట్టి దుమ్ము ఎంత తినేస్తోందో తేలుస్తారు. "తేడా లేకపోతే మీ ఆరుగురినీ మాన్పించేస్తారటక్కా," అని మేస్త్రీ నిన్ననే చెప్పాడు. ఇవాళే తనిఖీ.

ఆ మురికిదాన్ని దాటినప్పుడల్లా ఆమెకు ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. ఇరవైతొమ్మిది రోజులు మొహం తిప్పుకుని పోయింది. ఇవాళ దాని నడిమధ్యన కాకి రెట్ట వేసింది. ఇదొక్కటే, అనుకుని తుడిచింది. అక్కడ అద్దం గుండ్రంగా మెరిసింది. ఆ మెరుపు పక్కన మిగతా మురికి మరీ రోతగా కనబడింది.

తేరుకునేసరికి రెండు ప్యానెళ్లలోనూ ఆకాశం ఒకేలా ఉంది. గుడ్డను పక్కనున్న బోర్డుకు తగిలించింది. గుప్పెడు మట్టి తీసింది గానీ, అద్దంమీద చల్లడానికి చెయ్యి రాలేదు.

పదిగంటలకు తనిఖీ ఆయన మీటరు తగిలించాడు. "రెండూ సమానమే. మురికి నష్టమేం లేదు," అంటూ కలం తీశాడు. మేస్త్రీ మొహం పాలిపోయింది. కాస్త దూరంలో మిగతా ఐదుగురూ చేతులు కడుక్కుంటూ ఏదో మాటకు పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు వింటూ ఆమె ఊరుకోలేకపోయింది.

"రాయకండి సార్. పొద్దున నేనే తుడిచేశాను."

"తెలిసే తుడిచావామ్మా?"

"చేతికి తెలీదు సార్. నాకు తెలుసు."

ఆయన కలం మూశాడు. నెలాగి మళ్లీ కొలుస్తానన్నాడు. అందాకా ఐదుగురూ ఉంటారు. ముట్టుకున్న మనిషి మాత్రం ఇవాళే వెళ్లిపోవాలి.

"ఎంత పని చేశావక్కా," అన్నాడు మేస్త్రీ. ఆమెకు ఏడుపొచ్చింది. మొహం తుడుచుకోవడానికి గుడ్డకోసం వెతికి, దొరక్క, చేత్తోనే తుడుచుకుని గేటు దాటింది.

గుడ్డ జంట ప్యానెళ్ల దగ్గరే, 'ముట్టుకోరాదు' అన్న బోర్డుకు వేలాడుతోంది. తీద్దామని ఒకరిద్దరు చెయ్యి చాపి, బోర్డు చూసి ఊరుకున్నారు. ఆ గుడ్డమీద ఇప్పుడు వేలెడు దుమ్ము.