చిలకల అద్దం

అనసూర్య ఇంట్లో సామాను చూసి కుళ్లుకోని ఆడమనిషి ఆ వాడకట్టులో లేదు. మూలన పూలకుండీ పెట్టిన ఎత్తుపీట, గోడకు గాజు తలుపుల చిన్న అల్మారా, గుమ్మం పక్కన గొడుగులు తగిలించే నగిషీ స్తంభం. కరీంనగర్‌లో ఇట్లాంటివి ఎక్కడ దొరుకుతాయని ఎవరైనా అడిగితే, హైదరాబాద్‌లో కొన్నామని తడుముకోకుండా చెప్పేది. నిజానికి ఆ పీటకున్నవి విరిగిన కుర్చీ కాళ్లు. అల్మారా తలుపులు ఎవరో హకీము మందుల బీరువావి. స్తంభమేమో పట్టెమంచం కోడు. పోలీసు చర్య తర్వాత పెద్ద బంగ్లాలు కొన్ని ఖాళీ అయి, వాటి సామాను విరిగింది విరిగినట్టే సత్తార్ పాత సామాన్ల దుకాణానికి చేరింది. అక్కడ దుమ్ములో పడున్న చెక్కను చూస్తే అది రేపు ఏమవ్వాలో అనసూర్యకు ఇట్టే తెలిసిపోయేది. రంపం తనే పట్టేది, గరుకు కాగితంతో తనే రుద్దేది, వార్నిష్ తనే పూసేది. అంత పనితనం ఇంకొకరికి ఉంటే ఊరంతా చాటుకునేవాళ్లు. ఈమె దాచుకుంది. పాత సామాను ఏరుకొస్తుందని తెలిస్తే, ఎంతైనా మగ్గాల ఇంటి కోడలే కదా అంటారని ఆమె భయం.

అనడానికి అది నిజమే. భర్త రామచంద్రం తాలూకా కచేరీలో గుమాస్తా అయ్యాడు గాని, అతని అన్న సిద్దిరాములు అదే ఊళ్లో మగ్గం నేస్తున్నాడు. ఆయన భార్య చంద్రవ్వ, అనసూర్యకు పెద్ద యారాలు. నూలు చేతులతో, వెలిసిపోయిన చీరతో ఆమె ఎప్పుడైనా వస్తే అనసూర్య ఆమెను ముందు గదిలో ఎక్కువసేపు కూర్చోనిచ్చేది కాదు. వంటింట్లోకి తీసుకుపోయి బాగానే మర్యాద చేసేది. వంటింట్లోనే.

సత్తార్ దుకాణానికి అనసూర్య తన రూపంతో ఎన్నడూ పోలేదు. పక్కింటి మక్సూదా బుర్కా అడిగి వేసుకుని పోయేది. మక్సూదా మొదట్లో పడీ పడీ నవ్వింది, తర్వాత అడగకముందే తీసి ఇవ్వడం నేర్చుకుంది. బుర్కాలో ఉన్నదెవరో సత్తార్‌కు మొదటి రోజే తెలిసింది. నోరు మూసుకుంటేనే బేరం నిలుస్తుందని కూడా అతనికి తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆమె దుకాణం లోపల ఒక పెద్ద అద్దాన్ని తిప్పి చూస్తోంది. చట్రం ఊడిపోయింది గాని అద్దం మీద గీత లేదు. అప్పుడే వాకిట్లో చంద్రవ్వ గొంతు వినిపించింది. తిరిగి చూస్తే, ఒక కూలివాడు నెత్తిమీది నుంచి తొట్లె దించుతున్నాడు. చంద్రవ్వ మొదటి కాన్పుకు ఆమె పుట్టింటివాళ్లు తెచ్చిన టేకు తొట్లె అది. రెండు పక్క పలకల మీదా వరసగా చిలకలు చెక్కి ఉంటాయి. ఆ ఇంటి పిల్లలెవరికైనా ఇరవై ఒకటో నాడు పేరు పెట్టేది ఆ తొట్లెలో వేసే. అనసూర్య కొడుకునూ కూతురినీ అందులోనే వేశారు.

నూలు దొరక్క నెల నుంచీ మగ్గం ఆగిందని చంద్రవ్వ చెప్తోంది. సత్తార్ ఒక రేటు చెప్పాడు. చంద్రవ్వ బేరమాడలేదు. తొట్లెను విరగ్గొట్టి చెక్కగా అమ్మొద్దని మాత్రం బతిమాలింది. తర్వాత లోపల నిలబడి ఉన్న బుర్కా మనిషి మీద ఆమె చూపు పడింది.

"అమ్మా, మీ ఇంట్ల చిన్నపిల్లలున్నరా? ఉంటే మీరే తీస్కపోండ్రి. మా ఇంటి పోరగాండ్లందరు గిండ్లనే పండిండ్రు. మంచిగ అచ్చొచ్చిన తొట్లె."

అనసూర్య నోరు తెరిస్తే గొంతు తెలిసిపోతుంది. ముసుగు తీసి, అక్కా నేనే, ఇది ఇంటికి తీసుకుపోదాం పద అనొచ్చు. అంటే తను సత్తార్ దుకాణానికి బుర్కాలో ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. చివరికి తలూపింది. చంద్రవ్వ ముఖం తేటపడింది. దండం పెట్టి, వెనక్కి చూడకుండా పోయింది.

అనసూర్య అద్దంతో పాటు తొట్లెను కూడా కొని ఇంటి వెనక గదిలో గోనెసంచులు కప్పి దాచింది. తిరిగి పంపించాలన్న మాట మనసులో గట్టిగానే అనుకుంది. సత్తార్ దగ్గర చూసి గుర్తుపట్టానని చెప్పొచ్చు. మరి అక్కడికి ఎందుకు పోయావంటే? మక్సూదా కొన్నదని చెప్పొచ్చు. మరి మక్సూదా నీకెందుకిచ్చిందంటే? ఎటు తిప్పి చూసినా అబద్ధం ఎక్కడో ఒకచోట తెగిపోతోంది. తెగని అబద్ధం దొరికిన రోజు పంపిద్దామని ఊరుకుంది. ఇచ్చే మనసుంటే దారి దొరక్కపోదు. ఆమెకు లేనిది దారి కాదు.

అంతలో కొత్త తాసిల్దారు వచ్చాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కృష్ణా జిల్లా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఆయన భార్య పేరంటానికి మన ఇంటికి వస్తానందని రామచంద్రం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ముందు గదిలో పెద్ద గోడ బోసిగా ఉంది. అద్దం ఉంది, చట్రం లేదు. చట్రానికని ఇల్లంతా వెతుకుతూ వెనక గదిలోకి పోయిన అనసూర్య గోనెసంచి ఎత్తింది. పలక పొడవు చేత్తో కొలిచి చూసుకుంది. అద్దానికి సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

మొదటి కోత సగంలో రంపం ఆపింది. రెండో కోతకు ఆపలేదు. చిలకలు పైకీ కిందికీ వచ్చేట్టు చట్రం కట్టి నల్ల వార్నిష్ పట్టించింది. తొట్లె కోళ్లు పూలకుండీల కింది పీటలయ్యాయి. తాసిల్దారు భార్య ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడి, ఈ వైపు కూడా ఇంత నాజూకైన పని దొరుకుతుందా అని ఆశ్చర్యపోయింది. అనసూర్య హైదరాబాద్ అంది. ఆ రాత్రి ఆమె హాయిగానే నిద్రపోయింది. ఆ నిద్ర తలుచుకుంటే తర్వాత్తర్వాత ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది.

మూడు నెలలకు ఆడబిడ్డ దేవవ్వ చొప్పదండిలో కొడుకును కన్నది. ఇరవై ఒకటో నాడు తొట్లెలో వేయడం మన ఇంట్లోనే చేద్దాం, ఇల్లు విశాలంగా ఉంటుంది, కచేరీ వాళ్లను కూడా పిలవొచ్చని రామచంద్రం అన్నాడు. తొట్లె ఎట్లాగూ వదిన తెస్తుందిలే అని కూడా అన్నాడు. ముందురోజు సాయంత్రం అనసూర్య అద్దం దింపేద్దామని చట్రం పట్టుకుంది. తాసిల్దారు భార్య వస్తుంది, అద్దమేదని అడుగుతుంది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

మర్నాడు అందరికన్నా ముందు చొప్పదండి నుంచి, కూతురి దగ్గరే ఉంటున్న అత్త ఐలవ్వ, దేవవ్వ, పసివాడు దిగారు. తర్వాత చంద్రవ్వ వచ్చింది. ఆమె చేతిలో ఉతికి మడతపెట్టిన చీర ఒకటే ఉంది. తొట్లెకు చెదలు పట్టిందని, దూలానికి ఈ చీర కట్టి వేద్దామని నేల చూస్తూ చెప్పింది.

ఐలవ్వ మంచి మాట మెత్తగా చెప్పడం ఎరగని మనిషి, ఇక కోపం వస్తే చెప్పేదేముంది. ఇంటికి పెద్దకోడలివి, ఒక్క తొట్లెను కాపాడటం చేతకాలేదా, చెదలు పట్టేదాకా కళ్లు ఎక్కడ పెట్టుకున్నావని అందరి ముందూ కడిగేసింది. తరతరాల పిల్లలకు పనికొస్తుందనే కదా మీ అవ్వ అంత గట్టి కట్టెతో చేయించింది అంది. దేవవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. మొదటి బిడ్డను పాత చీరలో వేసుకోవడం ఆమెకు కష్టమనిపించింది. కచేరీ వాళ్ల ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంద్రవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమె వెనక గోడ మీద చిలకలు నల్లగా మెరుస్తున్నాయి. అనసూర్యకు ఆ తిట్లన్నీ తన వీపు మీద పడుతున్నట్టే ఉంది. నోరు విప్పి ఒక్క మాటంటే ఆగిపోతాయి. గుగ్గిళ్లు చూసుకోవాలని గొణిగి వంటింట్లోకి పారిపోయింది.

ముందు గదిలో ఆడవాళ్లు చీర కడుతున్నారు. చెమటకు చెదిరిన బొట్టు దిద్దుకుందామని చంద్రవ్వ అద్దం దగ్గరికి పోవడం అనసూర్య వంటింటి గుమ్మంలోంచి చూసింది. బొట్టు మీదికి పోతున్న వేలు మధ్యలో ఆగింది. చంద్రవ్వ చట్రం అంచు తడిమింది. పళ్లొచ్చే వయసులో పిల్లలు నిలబడి కొరికిన చోట సన్నటి గంట్లుంటాయి, వార్నిష్ వాటిని పూడ్చలేదు. ఆ గంట్లలో ఆమె పిల్లలవి ఉన్నాయి, అనసూర్య పిల్లలవీ ఉన్నాయి. చంద్రవ్వ వేళ్లు ఒక్కో గంటు మీదా ఆగి ఆగి పోయాయి. తర్వాత బొట్టు దిద్దుకోకుండానే వంటింటి వైపు నడిచొచ్చింది.

అనసూర్య గోడకు ఆనుకుని నిలబడింది. ఇక అయిపోయింది అనుకుంది. ఒక విధంగా ప్రాణం తేలికపడ్డట్టు కూడా అనిపించింది. అడుగుతుంది, చెప్పేస్తాను, తిడుతుంది, కొడితే కొట్టనీ అనుకుంది.

చంద్రవ్వ తలుపు దగ్గరికి వేసింది. రెండు చేతులతో అనసూర్య గడ్డం పట్టుకుంది.

"చెల్లె, నీకు దండం పెడ్త. తొట్లెకు చెదలు పట్టలే, నేనే అమ్ముకున్న. గా అద్దం చుట్టున్నది దాని కట్టెనే. ఏడేడ తిరిగిందో, హైదరాబాద్ దాక పోయి మల్ల నీ ఇంటికే వచ్చింది. నీకెట్ల తెలుస్తది, కొనుక్కున్నవ్, నీ తప్పేమున్నది. అత్తకు మాత్రం చెప్పకు. బిడ్డల తొట్లె అమ్ముకున్నదంటే నేను తల ఎత్తుకోలేను."

అనసూర్య పెదవులు కదిలాయి. చంద్రవ్వ ఇంకా చెప్తోంది. ఆ రోజు దుకాణంలో ఒక బుర్కా ఆమె ఇందులో బిడ్డను వేస్తానని తలూపిందట. పాపం ఆమెకు కూడా ఏం కష్టమొచ్చిందో, అమ్ముకున్నట్టుందట. ఎవరినేమంటాం, నేనే అమ్ముకున్నాక అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె అరచేతులు గరుకుగా, చల్లగా అనసూర్య ముఖానికి తగులుతూనే ఉన్నాయి.

ముందు గది నుంచి ఐలవ్వ పిలిచింది. తాసిల్దారు గారి భార్య వచ్చిందని ఎవరో అన్నారు.

"చెప్పనక్కా," అంది అనసూర్య.

చంద్రవ్వ ముఖం తేటపడింది. నువ్వు కాబట్టి సరిపోయింది చెల్లె అని చెయ్యి నొక్కి బయటికి పోయింది. పసివాణ్ని చీరలో వేసి, అందరికన్నా గట్టిగా పాట ఎత్తుకుంది. మా అనసూర్యది చాలా మంచి మనసని తర్వాత ఆమె చొప్పదండిలో నలుగురి ముందూ చెప్పింది. తొట్లె చెడగొట్టిన కోడలని ఐలవ్వ తను కన్నుమూసేదాకా చంద్రవ్వను దెప్పుతూనే ఉంది. అట్లా దెప్పిన ప్రతిసారీ అనసూర్య పక్కనే ఉంది. చెప్పనని ఇచ్చిన ఆ ఒక్క మాటను మాత్రం ఆమె చివరిదాకా నిలబెట్టుకుంది.