ఒక ముల్లు తక్కువ

ఆ ఇంట్లో కాళ్ళున్న జీవి ఏదీ వంటింటి గడప దాటకూడదు. అది అత్తగారి శాసనం. కాపురానికి వచ్చిన కొత్తలోనే పొయ్యి దగ్గర నిలబడి ఆవిడ ఆ మాట అనేసిందట. మామగారు బతికున్నన్నాళ్ళూ కిక్కురుమనలేదట. కోడి లేదు, మేక లేదు. చేప ఉంది, గుడ్డు ఉంది, పప్పూ కూరగాయలూ ఉన్నాయి. మరి రొయ్యల సంగతేమిటి, వాటికి బోలెడు కాళ్ళుంటాయి కదా అని కోడలు కొత్తలో ఒకసారి అడిగింది. అత్తగారు ఆమె వంక జాలిగా చూసి, "అవి కాళ్ళేమిటే అమ్మాయ్, మీసాలు" అంది. అంతే, కేసు కొట్టేశారు.

కోడలేమో కోడి కూర లేనిదే ఆదివారం గడవని ఇంటి పిల్ల. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. మొదటి ఏడాది ఏడుపొక్కటే తక్కువ. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి తనే బజారులో చేప మొప్పలెత్తి చూసి, చేపలాయనతో పోట్లాడి మరీ మంచిది ఏరి తెచ్చే స్థాయికి వచ్చింది. ఒక్కటి మాత్రం చేతకాలేదు. ముళ్ళు తీయడం.

ఆ పని అత్తగారిది. ఆవిడకు నచ్చేది సన్నటి వెండి రంగు చేప. దాని ఒళ్ళంతా ముళ్ళే, అందులో సగం వెంట్రుకంత ముళ్ళు. అవి లేని చేప తింటే దూది నమిలినట్టు ఉంటుందని ఆవిడ గట్టి అభిప్రాయం. ఆవిరి మీద ఉడికిన చేపను ముందు పెట్టుకుని, పక్కన తడిగుడ్డ పరిచి, తీసిన ముల్లునల్లా ఆ గుడ్డ మీద పేరుస్తుంది. నడుమ వెన్నుముల్లు, ఎడమవి ఎడమ పక్కన, కుడివి కుడి పక్కన, తల నుంచి తోక దాకా పెద్దదాని తర్వాత చిన్నది. ఆఖరికి కండంతా పళ్ళెంలో ఉంటుంది, చేపంతా గుడ్డ మీద ఉంటుంది. గుడ్డ మీద ఎక్కడైనా ఖాళీ ఉందంటే, పళ్ళెంలో ఇంకా ఏదో దాక్కుని ఉన్నట్టే. ఆ చేప పూర్తయ్యేదాకా ఎవరి చెయ్యీ పళ్ళెం మీదికి వెళ్ళకూడదు. లిఫ్టులు బాగుచేసే కొడుకు ఎంత ఆకలి మీద వచ్చినా సరే, చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రెండేళ్ళుగా అత్తగారి చూపు మసకబారుతూ వచ్చింది. ఇప్పుడు మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. గ్లాసులో పోసే నీళ్ళు బల్ల మీద పారుతున్నాయి. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. అయినా చేపను మాత్రం వదలదు. ఇంతకీ ఆ పళ్ళెంలో మొదటి ముద్ద ఎవరిది? అయిదేళ్ళ మనవరాలిది. పిడుగు అని పిలుస్తారు దాన్ని. నవ్వుతూ, వాగుతూ, కుర్చీలో ఎగురుతూ తినే రకం.

కిందటి వారం ఆస్పత్రికి ఒకాయన గొంతు పట్టుకుని వచ్చాడు. ఎక్స్‌రే తీసింది కోడలే. తెర మీద గొంతుకు అడ్డంగా సన్నటి తెల్లగీత, చేప ముల్లు. ఆయన బతికి బయటపడ్డాడు గానీ, ఆ గీత ఆమె కళ్ళ ముందు నుంచి కదలలేదు. అంత చిన్నది! పిడుగు గొంతు ఆయన గొంతులో సగం కూడా ఉండదు.

"మీ అమ్మగారికి మీరే చెప్పండి" అంది భర్తతో.

"నేనా? నాకింకా బతకాలనుంది" అన్నాడాయన.

సరే, ఎవరు చెప్పినా చెప్పకపోయినా పిల్ల తల్లికి తప్పదు కదా. ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు చేపను ముందుకు లాక్కోగానే కోడలు ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతిలో పట్టకారు, టార్చిలైటు.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. ఇవాళ మీరు తీశాక నేనూ ఒకసారి చూస్తాను. ఒక్క ముల్లు మిగిలినా, రేపటి నుంచి పిల్ల పళ్ళెం నేను చూసుకుంటాను."

కొడుకు పైకప్పు వంక చూడటం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆవిడకు ఇంట్లో మిగిలిన పనల్లా అదొక్కటే. కత్తి ఇదివరకే లాక్కున్నారు, పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

"అలాగే" అంది అత్తగారు. తడిగుడ్డ సరిచేసి పరుచుకుంది.

ఆవిడ చూపు ఎటో ఉంది. వేళ్ళు మాత్రం కండలోకి దిగి, ఆగి, చిన్నగా గిల్లి పైకి వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ ఒక ముల్లు. చూడకుండానే గుడ్డ మీద దాని చోట దాన్ని పెడుతోంది. కోడలు ఎన్నోసార్లు చూసిన పనే. ఇంత దగ్గర నుంచి, ఇంత అనుమానంతో చూడటం ఇదే మొదలు. అమ్మో, ఏం చేతులవి! అరగంటలో కండ పువ్వులా విడిపోయింది, ఒక్క పొర చెదరలేదు.

ఆ తర్వాత కోడలి వంతు. టార్చి వేసి, ప్రతి ముక్కా తిప్పి, పట్టకారుతో విప్పి చూసింది. పిడుగు ఆకలో ఆకలని గోల పెడుతోంది. మొత్తం రెండుసార్లు వెతికింది. ఏమీ లేదు. సిగ్గుపడింది, పైగా ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

"ఏమీ లేదత్తయ్యా. మీరే గెలిచారు."

"హమ్మయ్య" అని కొడుకు అన్నం గిన్నె మూత తీశాడు.

"ఆగండి" అంది అత్తగారు. కుడి అరచేతిని గుడ్డ మీద, తల నుంచి తోక వైపు, తాకీ తాకనట్టు నడిపించింది. మళ్ళీ నడిపించింది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. పన్ను ఊడిన చోటికి నాలుక పదే పదే పోయినట్టు ఆ వేళ్ళు అక్కడికే పోతున్నాయి. "ఒకటి తక్కువ. ఎడమ పక్క, తోక దగ్గర. సన్నది."

"నేను రెండుసార్లు చూశాను కదండీ."

"చూశావు. అయినా ఉంది. పిల్లకి పెట్టొద్దు."

ఎంత చెప్పినా వినదే! కొడుకు బతిమాలాడు, పిడుగు ఏడ్చింది. ఆవిడ పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చివరికి పిల్లకి గుడ్డు ఉడికించి అన్నంలో పెట్టారు. కోడలికి ఒళ్ళు మండింది. గెలిచినా ఒప్పుకోని మనిషితో ఎలా వేగేది? రెండింటికి డ్యూటీ. ఆ కండంతా ప్లాస్టిక్ డబ్బాలోకి ఎత్తింది, స్టీలు డబ్బా అయితే ఎక్స్‌రేలో లోపలిది కనబడదు గనుక. అత్తగారి పొరపాటును ఫిల్ము మీద అచ్చు వేయించి మరీ ఇంటికి తీసుకెళ్ళాలని బయల్దేరింది. అలాంటి ఆలోచన ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికి వస్తుంది చెప్పండి.

ఆదివారం కావడంతో రద్దీ లేదు. బల్ల మీద డబ్బా పెట్టి, పసిపిల్లల వేళ్ళకు వాడే అతి తక్కువ మోతాదు పెట్టింది. డ్యూటీ డాక్టరుగారు తొంగి చూశాడు.

"పేషెంటు ఎవరమ్మా?"

"మా భోజనమండీ."

"పరిస్థితి ఎలా ఉంది?"

"ఉడికిపోయిందండీ" అంది నవ్వుతూ, బొమ్మ కోసం తెర వైపు తిరిగింది.

నవ్వు అక్కడే ఆగిపోయింది. బూడిదరంగు కండ మధ్యలో ఒక తెల్లగీత. వెంట్రుకకు కాస్త ఎక్కువ, అంతే. డబ్బా పక్కన పేపరు క్లిప్పు గుర్తుగా పెట్టి మరో బొమ్మ తీసింది, కొలిచి, ఆ చోట పట్టకారు దించింది. వచ్చింది. రెండు పొరల మధ్య పడుకుని ఉంది, కండ రంగులోనే.

డాక్టరుగారు ఏదో అడుగుతున్నాడు, ఆమెకు వినపడటం లేదు. వేలి మీదున్న ముల్లునే చూస్తూ నిలబడింది. టార్చి వేసి కూడా తను చూడలేనిది, లక్షల ఖరీదు చేసే యంత్రం చూపించినది, చూపులేని ఆ ముసలమ్మకు అది లేని చోటును బట్టి తెలిసిపోయింది. అదొక్కటే కాదు. ఆవిడ నోరు మెదపకుండా ఉంటే గెలిచినట్టే కదా! ఓడిపోయానని ఆవిడే నోరు విప్పి చెప్పింది. ఎదురుగా కూర్చున్న తనకు ఆ సంగతే తట్టలేదు. కోడలికి గుండెలోంచి దుఃఖం, ఆశ్చర్యం కలిసి తన్నుకొచ్చాయి. ఆ ముల్లును దూదిలో చుట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గరే ఉంది. గుడ్డను ఎవరినీ తీయనివ్వలేదట.

"ఉందా?"

"ఉందత్తయ్యా. మీరు చెప్పినట్టే."

దూదిలో చుట్టిన ముల్లును ఆవిడ కుడి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరి, "ఇదే" అంది. తర్వాత, "అయితే ఓడిపోయాను. రేపటి నుంచి నువ్వే తియ్యి."

"అదేం మాటండీ! మీరు చెప్పకపోతే పిల్లకి పెట్టేసేదాన్నే. ఊరుకుంటే గెలిచేవారు కదా?"

"గెలిచి ఏం చేసుకుంటాను? పిల్ల గొంతు కదే అది." ఆవిడ ఎడమ చెయ్యి చాచింది. "ఈ వేలు పట్టుకో. గిల్లు."

కోడలు చూపుడువేలిని మెల్లగా గిల్లింది.

"గిల్లవేం?"

"గిల్లానండీ."

"చూశావా. మూడు నెలలైంది ఇలా మొద్దుబారి. నువ్వు కళ్ళను అనుమానించావు, ఈ పనికి కళ్ళతో ఏనాడూ అవసరం లేదు. నన్ను మోసం చేసింది ఈ వేలు. ఇది పక్కనున్న వేళ్ళకి కూడా పాకుతోంది." ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఎవరికీ చెప్పలేదు. చెబితే పళ్ళెం కూడా లాగేసుకుంటారని భయం. మూడు నెలలుగా ప్రతి ముద్దకీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పిల్ల నోరే వింటున్నాను. తప్పు నాదే."

ఎనిమిదేళ్ళుగా కోడలికి అత్తగారంటే భయం ఉంది, గౌరవం ఉంది, అప్పుడప్పుడూ కోపమూ ఉంది. ఇంత ప్రేమ ఉందని ఇప్పుడే తెలిసింది. ఆ మొద్దుబారిన వేలిని వదలకుండా, "నాకు నేర్పండి" అంది.

"నీకు రాదు. నువ్వు చూస్తావు."

"చూడను."

మర్నాడు సెలవు పెట్టి అదే రకం చేప తెచ్చింది. అత్తగారు పక్కనే కూర్చుని, కోడలి కళ్ళకు తుండుగుడ్డ కట్టించింది. ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, "నొక్కకు, అడుగు" అంది. గంటన్నర పట్టింది. కొడుకు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. పిడుగు బల్ల కింద దూరి, అమ్మకీ కళ్ళు పోయాయా అని నానమ్మని అడిగింది.

అంతా అయ్యాక కోడలు గంతలు విప్పి గుడ్డ వంక చూసుకుంది. ఫరవాలేదు, చేపలాగే ఉంది. కాస్త గర్వంగా కూడా అనిపించింది. అత్తగారు కుడి అరచేతిని తల నుంచి తోక దాకా ఒక్కసారి నడిపించింది.

"పదకొండు తక్కువ" అంది. "మళ్ళీ వెతుకు."

కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా కోడలు తుండుగుడ్డ తనే తీసుకుని కళ్ళకు కట్టుకుంది.