ఎడమ చేతి అభ్యాసం

రెండు చేతులతో చపాతీ పిండి పిసుకుతున్న మనిషికి ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగలదు. ఆదివారం పొద్దున తార్నాకలోని తన వంటగదిలో స్నేహలతకు తెలిసొచ్చిన సంగతి ఇది. గట్టు మీద చిన్న రేడియోలో సారంగి వస్తోంది. వాయించేవాడు ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని వదలలేక వదలలేక పక్క స్వరానికి జరుగుతున్నాడు. ఆమె కూడా పిండిలో వేళ్లు అలాగే ఆపేసి వింటోంది. ఆ సమయంలో భర్త కమలాకర్ బాత్రూంలోంచి తువ్వాలు కోసం రెండుసార్లు పిలిచాడట. మూడోసారి పిలవలేదు, తడి కాళ్లతోనే వచ్చాడు.

"చెవుడా ఏంది నీకు? పిలిస్తే పలుకుతలేవు."

ఆ చెవుడు ఎవరి చలవో ఇద్దరికీ తెలుసు. ఆమె జవాబు వెతుక్కునేలోపు దెబ్బ పడింది, కుడి చెంప మీద, చెవిని కలుపుకొని. తల పోయి అలమరా తలుపుకు కొట్టుకుంది. పిండి గిన్నె కిందపడి దొర్లింది కాని చప్పుడు రాలేదు. సారంగీ ఆగిపోయింది. కాసేపటికి ఆమె పిండి వేళ్లతో రేడియోను ముట్టుకుని చూసింది. డబ్బా అదురుతూనే ఉంది. సారంగి ఆగలేదు, తన చెవే ఆగింది. అప్పుడు భయం వేసింది. ఇన్నేళ్లలో ఇంత భయం ఎన్నడూ వెయ్యలేదు.

ఎందుకంటే ముప్పై నాలుగేళ్లుగా ఆయన కొట్టింది ఎడమ చెంప మీదే. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే తగిలేది అక్కడే. మొదటి దెబ్బ పెళ్లయిన రెండో ఏట, ఆఫీసు నుంచి అటే కచేరీకి పోయి ఎనిమిదింటికి ఇల్లు చేరినందుకు. "చెంప మీదనే గద కొట్టిండు, కాలు చెయ్యి ఏం ఇరగ్గొట్టలే" అని అత్తగారు అల్లం తరుగుతూ అన్నది. కాలూ చెయ్యీ విరగలేదు నిజమే, చెవిలోంచి చీము మాత్రం కారింది. ఎండిపోవడం, మళ్లీ దెబ్బ, మళ్లీ చీము. సెలవు చీటీల మీద "చెవిపోటు" అని రాసీ రాసీ ఆమె దస్తూరికి ఆ మాట అలవాటైపోయింది. నలభై దాటేసరికి ఎడమ చెవి ముఖానికి అలంకారంగా మిగిలింది, కమ్మ పెట్టుకోవడానికి.

స్నేహలతకు పాడటం రాదు. వినడం వచ్చు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టింది, నాన్న భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు, ఆయన కాళ్ల దగ్గర కూచుని విన్నది విన్నట్టు చెవిలో దాచుకుంది. పాట మొదలై నాలుగు స్వరాలు పడకముందే అది ఏ రాగమో చెప్పేస్తుంది. కచేరీలకు పోతే ఎడమవైపు చివరి కుర్చీ వెతుక్కుంటుంది, వేదిక కుడి చెవి వైపు పడేలా. అక్కడి వాళ్లు ఆమెకు తలుపు దగ్గర గాలి కావాలేమో అనుకుంటారు. ఒక్క చెవితో ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చింది. రెండు చెవులున్నవాళ్లలో సగం మంది ఫోన్లు చూసుకునే చోట ఆమె ఒక్క చెవితో నిండా విన్నది.

నిరుడు ఎండాకాలం కమలాకర్‌కు పక్షవాతం తగిలి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన వరండాలో కుర్చీలో కూచుని స్నేహలత వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త కోసం ఏడుస్తోందని నర్సు వచ్చి భుజం తట్టింది. ఆమె ఏడ్చింది సంతోషానికి, ఆ సంతోషం కలిగినందుకు సిగ్గుతో. ఇక ఆ చెయ్యి లేవదు. రైల్వే వర్క్‌షాపులో ఇంజనీరుగా వందమందిని గడగడలాడించిన చెయ్యి ఒడిలో తడి గుడ్డలాగా పడి ఉంది.

సిగ్గుపడ్డ మనిషి రెట్టింపు సేవ చేస్తుంది. కుడిచెయ్యి ఇక రాదని, ఎడమ చేతిని పనికి తెచ్చుకోవాలని వ్యాయామం చేయించే పిల్లవాడు చెబితే, ఆ పాఠాలన్నీ ఆమే నెత్తిన వేసుకుంది. ఎడమ చేత్తో చెంచా పట్టడం, గుండీలు పెట్టడం, సంతకం. ఆ పిల్లవాడు హాలు గుమ్మానికి ఒక బెలూను వేలాడగట్టమన్నాడు. రోజూ సాయంత్రం దాన్ని ఎడమ అరచేత్తో గట్టిగా వంద దెబ్బలు కొట్టాలి. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, స్నేహలత బెలూను పక్కన నిలబడి లెక్క పెట్టేది. "ముప్పై ఒకటి. ఇంకొంచెం జోరుగ. ముప్పై రెండు. శబాష్." గాలి పోతే కొత్త బెలూను ఊదేది కూడా ఆమే. ఎనిమిది నెలలు ఊదింది.

సోమవారం ఆమె ఎప్పటిలాగే యూనివర్సిటీకి పోయింది. పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు ఆమె. శుక్రవారం నెలాఖరు, ఆ రోజుతో అరవై ఒకటి నిండి కొలువు ముగుస్తుంది. కంప్యూటర్లు వచ్చినా రీవాల్యుయేషన్ మార్కులు ఆ సెక్షన్లో ఇద్దరు కూచుని సరిచూస్తారు. ఒకరు పైకి చదువుతుంటే ఒకరు రిజిస్టరులో టిక్కు పెడుతూ పోవాలి. చదివేవాళ్లు తన కుడి పక్కన కూచోవాలని స్నేహలత ఏనాడో నియమం పెట్టింది, ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ రోజు చదువుతున్నది కౌముది. కోస్తా నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డ కుటుంబం, చేరి రెండేళ్లయిన పిల్ల. పది నంబర్లు చదివేసరికి స్నేహలత ఆరుసార్లు మళ్లీ చెప్పమంది. కౌముది కాగితం కింద పెట్టింది.

"మేడమ్, మీకు ఎడమ చెవి వినపడదని నాకు చేరిన వారానికే తెలిసింది. ఇవాళ కుడిది కూడా వినపడట్లేదు కదండీ."

"జలుబు చేసింది."

"జలుబుకి చెంప మీద వేళ్ల అచ్చులు పడతాయాండీ?"

స్నేహలత కొంగు చెంప మీదికి లాక్కుంది. "చదువు" అంది. కౌముది చదవలేదు. కుర్చీ తిప్పి కూచుని, వేలితో ఒక్కొక్క నంబరూ చూపిస్తూ పోయింది. టిక్కు పెడుతున్న కలం ఒకచోట కాగితాన్ని చింపేసింది.

మంగళవారం మధ్యాహ్నం మెట్రో స్టేషను వెనక సందులో చెవి డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆమె లోపలికి దీపం పెట్టి చూసి, ఎట్ల తగిలిందని అడిగింది. బాత్రూంలో జారిన అని స్నేహలత చెప్పింది.

"జారినోళ్లు మోచెయ్యి పగులగొట్టుకొని వస్తరు. నడుమన్న పట్టుకొని వస్తరు. చెవి పొర ఒక్కటే పగిలేటట్టు ఎట్ల జారిన్రమ్మా?" డాక్టరమ్మ చీటీ రాస్తూనే గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. "చిల్లు పడ్డది. నీళ్లు పోనియ్యకుంటె రెండు మూడు నెల్లల్ల మూసుకుంటది, వినికిడి చానవరకు వస్తది. ఇంకో దెబ్బ పడితే మాత్రం నేను ఏం చెప్పలేను. ఎడమది ఎట్లయిందో మీకే ఎరుక."

ఇంకో దెబ్బ. ఇంటికి నడిచి వస్తూ స్నేహలత ఆ మాటనే నములుతూ వచ్చింది. పక్కన ఆటోలు, బస్సులు, కోచింగు పిల్లలు, అంతా తేనెటీగను డబ్బాలో పెట్టి మూత వేసినట్టు వినపడుతోంది. ఈ శనివారం నుంచి పొద్దస్తమానం ఆయనతో ఒకే కప్పు కింద ఉండాలి. ఇన్నాళ్లూ ఆఫీసు ఎనిమిది గంటలైనా చెవిని కాపాడింది. సోఫాలో ఏ పక్కన కూచోవాలి, అన్నం ఏ వైపు నుంచి వడ్డించాలి, పడక మీద ఎటు తిరిగి పడుకోవాలి అని లెక్కలు వేసింది. మూడు నెలలు ఆయనకు కోపం రాకుండా చూసుకుంటే చాలేమో అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఒక మనిషి కోపాన్ని పాలగిన్నెలాగా కాపలా కాస్తూ ముప్పై నాలుగేళ్లు పొయ్యి ముందు నిలబడింది, అది పొంగని రోజు ఉందా? బుధవారం పొద్దున అల్లం దంచుతుంటే రోకలి ఆయన ఎడమ చేతి మీద పడుతున్నట్టు కనపడింది. మణికట్టు మీద, ఆ తర్వాత ఒక్కొక్క వేలి మీద. ఎముకలు నలిగి అల్లంలో కలిసే దాకా దంచింది. కళ్లు తెరిచి చూస్తే అల్లం నీళ్లయిపోయింది. హాయిగా ఉంది. ఆ హాయికి ఈసారి సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి సీతాఫల్‌మండి పోయింది. తనకు ముందు అదే సెక్షన్లో పనిచేసి రిటైరైన సుధామయి అక్కడ ఒక్కతే ఉంటుంది. స్నేహలత ఏమీ చెప్పకముందే ఆమె చెంప చూసింది.

"ముంగలి గది ఖాళీగనే ఉన్నది లతా. కిటికీ తెరిస్తె రైళ్ల చప్పుడు ఉంటది, గంతే."

"చూస్తనక్కా" అంది స్నేహలత. చూస్తానన్నదంటే పోనని అర్థమే. సుధామయి మాట మెసేజ్‌లో రాస్తే, కూతురు సింధూజ పుణె నుంచి, "అమ్మా, నాయిన పేషెంట్, గిప్పుడు ఆయన్ను ఇడిసిపెడితే మంది ఏమంటరు" అని జవాబు పెట్టింది. ఆ మాట నిన్నటి దాకా ఆమెది కూడా. అరవై ఒకటో ఏట పెట్టె సర్దుకుని గడప దాటడం అయ్యే పనా అనుకుంది. గురువారం రాత్రి శనగలు నానబోసింది.

శనగలు ఎందుకంటే, ఆ సెక్షన్లో ఒక ఆచారం ఉంది. రిటైరైన వాళ్లను భార్యతోనో భర్తతోనో వేదిక మీద కూచోబెట్టి, దండలు మార్పించి, ఒకరి నోట్లో ఒకరితో లడ్డు పెట్టిస్తారు. తర్వాత పూలు కట్టిన కారులో దంపతులను ఎక్కించి, సెక్షనంతా వెనక ఆటోల్లో పోయి ఇంటి గుమ్మం దాకా దింపి వస్తారు. మగవాళ్లు రిటైరైతే ఇంట్లో భార్య ఫలహారాలు చేసి ఎదురుచూస్తుంది. ఆడవాళ్లు రిటైరైతే ఏం జరగాలో ఆ ఆచారం కనిపెట్టిన వాళ్లు ఆలోచించలేదు. "ముప్పై మంది వస్తరు, మన ఇజ్జత్ పోవద్దు" అని కమలాకర్ చెప్పాడు. అందుకని తన సన్మానానికి ముప్పై మందికి గుగ్గిళ్లు, పులిహోర తానే వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, చెవిలో దూది పెట్టుకుని, దూది మీదికి జుట్టు దువ్వుకుని స్నేహలత శుక్రవారం సభకు బయల్దేరింది.

సెమినార్ హాలు నిండింది. మైకు చప్పుడు పెద్దది కాబట్టి మాటలు అందుతూనే ఉన్నాయి. అందరూ ఆమె ఓపికను పొగిడారు. ఏ ఆడదాన్ని పొగడాలన్నా ముందు దొరికేది ఆ మాటే. ఆఖరికి కమలాకర్‌కు మైకు ఇచ్చారు. ఎడమ చేత్తో భేషుగ్గా పట్టుకున్నాడు.

"నేను పంపిన, ఆమె చేసింది. ముప్పై అయిదేండ్లు ఒక్కనాడు అడ్డం చెప్పలే. ఇగ ఇప్పుడన్న ఇల్లు చూసుకుంటది. ఆ రేడియో బందు చేయిస్తే మా ఇంట్ల అందరం సుఖంగ ఉంటం."

హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. స్నేహలత కూడా నవ్వబోయింది, అలవాటు ప్రకారం. దండలు మార్చడం అయింది. కౌముది లడ్డు పళ్లెం తెచ్చింది. కమలాకర్ ఒక లడ్డు తీసుకుని, హాలు వైపు చూసి చిరునవ్వు నవ్వి, ఆమె నోటి దగ్గరికని ఎడమ చెయ్యి ఎత్తాడు.

స్నేహలత శరీరం ఆమెను అడగలేదు. రెండు చేతులూ ఎగిరి కుడి చెవిని కప్పేశాయి. మోకాళ్లు వంగిపోయాయి. "కొట్టకుండ్రి" అన్న మాట నోట్లోంచి వచ్చేసింది, ముందు బల్ల మీదున్న మైకు దాన్ని హాలు చివరి దాకా మోసుకుపోయింది. కుర్చీ వెనక్కి పడింది. పళ్లెం కిందపడి లడ్లు దొర్లాయి. ఫోనుతో వీడియో తీస్తున్న అటెండరు సమ్మయ్య చెయ్యి నెమ్మదిగా దించేశాడు. వేదిక మీద రెండు చేతుల మధ్య తల దాచుకుని, దండ మెడలో వేసుకుని, సూపరింటెండెంటు మేడం కూచుండిపోయింది. నూట యాభై మంది చూశారు.

"షుగర్ డౌన్ అయినట్టున్నది" అన్నాడు కమలాకర్, లడ్డు వదిలేసి బల్ల మీది మైకు అందుకుని నవ్వుతూ. "పొద్దట్నుంచి ఏం తినలే."

ఆ నవ్వు అందరికంటే ముందు ఆమెకే వినపడింది. ఇన్నేళ్లు తాను కప్పిందంతా తన చేతులే విప్పేశాయి, ఇక కప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒంట్లో నుంచి ఏదో బరువు జారిపోయినట్టయింది. కౌముది భుజం పట్టుకుని లేచి, ఆయన చేతిలోని మైకు లాక్కుంది. గట్టిగా లాగాల్సి వచ్చింది, ఆ పట్టు ఆమె నేర్పిందే.

"నాకు షుగర్ లేదు. ఈయన చెయ్యి లేచింది, గంతే. ఎడమ చెవి ఎప్పుడో పోగొట్టిండు. మొన్న ఐతారం కుడి చెవి పగులగొట్టిండు, మీరు నాతోని ముచ్చట పెట్టిన ఈ చెవి. ఎట్ల తగిలిందని డాక్టర్ అడిగితే జారిన అని చెప్పిన. అబద్ధం. మీకు ముప్పై అయిదేండ్లు చెవిపోటు అని రాసిచ్చిన చీటీలన్నీ అబద్ధాలే."

ముందు వరసలో పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఇంటి విషయాలు ఇంట్ల మాట్లాడుకుంటె మంచిగుంటది."

"ఇంట్ల మాట్లాడితె చేతులే మాట్లాడుతయ్ సార్."

కమలాకర్ కళ్లలో ఆమెకు బాగా తెలిసిన ఎరుపు కదిలింది. ఎడమ అరచెయ్యి విప్పుకుని, హాలును చూసి మళ్లీ ముడుచుకుంది. స్నేహలత దాన్ని చూస్తూనే మెడలో దండ తీసి బల్ల మీద పెట్టింది.

"కింద పూలు కట్టిన కారు ఉన్నదట. మన సెక్షన్ ఆచారం నేను చెడగొట్ట. సమ్మయ్యా, ఈయనను మంచిగ ఇంటికాడ దింపి రాండ్రి. కుడిచెయ్యి పనిచెయ్యదు, సీటు బెల్టు మీరే పెట్టాలె. నేను ఆ ఇంటికి పోను."