మినిట్స్‌లో లేనిది

నాలుగో పేజీ కింద మూలన తన పొడి అక్షరాలు గిలికి, మినిట్సక్క కాగితాలను బల్లకేసి తట్టి అంచులు సరిచేసింది. మున్సిపల్ సభలో ఎవరు ఏమన్నారో ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నది ఆమే. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కలం ఒరిసి ఒరిసి మధ్యవేలి కణుపు దగ్గర కాయ కాసింది. ఆవులింతలు తప్ప సభ్యుల నోటి నుంచి వచ్చినదేదీ ఆమె వదిలిపెట్టలేదు.

పోయిన నెల సభలో ఇంజినీరు ఒక మాట జారాడు. ఆరో వీధి ట్యాంకు నీళ్లు తాగడానికి పనికిరావనీ, ఆ సంగతి మూడు నెలలుగా ఆఫీసుకు తెలుసుననీ అన్నాడు. అది నాలుగో పేజీలో ఉంది. ఆ మాట కాగితం మీదకెక్కి ఆమోదం పొందితే, ఆ వీధికి వేరే నీళ్లు పంపక తప్పదు.

చైర్మన్ తలుపు తోసుకుని వచ్చాడు. "అక్కా, ఆ ట్యాంకు ముక్క తీసెయ్యవా? బాగు చేయించాక మనమే చెబుదాం. ఊరికే జనం హడలిపోతారు."

"అన్నది రాశాను. అనంది రాయలేదు."

"సరే, నీ ఇష్టం" అని నవ్వి, కాగితాలు పట్టుకుపోయాడు. ఆమె ఇచ్చేసింది. వేరే ఎవరైనా అయితే ఒక నకలు దాచుకునేదే. ఇతను వేరే ఎవరో కాదాయె.

చైర్మన్ ఒకప్పుడు బస్సు కండక్టరు. తొమ్మిదేళ్లు ప్రతి సభకూ సెలవు పెట్టుకుని వచ్చి, ప్రజల బెంచీ మీద కూర్చునేవాడు. పాత మినిట్స్ చదవకుండానే సభ్యులు బల్లలు తట్టి ఆమోదించబోతుంటే లేచి "చదవండి!" అని గర్జించేవాడు. నకళ్ల కోసం ఆఫీసువాళ్లు కాళ్లరిగేలా తిప్పించుకుంటుంటే చూడలేక ఆమే ఇచ్చింది. అందుకు రెండు మెమోలు తింది. ఆ కాగితాలే చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గెలిచాడు. ఆమె కూడా అతనికే ఓటేసింది, గుండె నిండుగా.

పదకొండింటికి సభ మొదలైంది. ప్రజల బెంచీ మీద ఒక్క ముసలావిడే ఉంది. ఆరో వీధి నుంచి వచ్చింది. మనవలిద్దరికీ విరేచనాలు తగ్గడం లేదని, కాగితంలో నీళ్ల మాట ఉంటే ట్యాంకరు పంపుతారని ఎవరో చెబితే నడిచి వచ్చింది. ఏమనాలో మినిట్సక్క ముందే చెప్పి ఉంచింది.

"చదవండి బాబూ" అంది ముసలావిడ, సన్నగా.

సభ్యులు విసుక్కున్నారు. చైర్మన్ మాత్రం చేయెత్తి వాళ్లను ఆపాడు. "అడిగే హక్కు ఆమెకుంది. మన సభలో దాపరికం లేదు" అని తానే చదవడం మొదలుపెట్టాడు. గొంతు ఖంగుమంది. మినిట్సక్కకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

నాలుగో పేజీ వచ్చింది. వీధిదీపాల సంగతి చదివాడు. తర్వాత మార్కెట్ మరుగుదొడ్ల సంగతి చదివాడు. మధ్యలో ఉండాల్సింది లేదు. ఆమె వంగి అతని చేతిలో కాగితం చూసింది. కింద మూలన ఆమె పొడి అక్షరాలే, వేరే ఎవరి చేతి రాతలోనో ఉన్నాయి.

"అమ్మాయీ, మా ట్యాంకు మాట రాలేదేం?" అంది ముసలావిడ.

మినిట్సక్క లేచి నిలబడింది. సభలో ఆమె గొంతు విప్పడం అదే మొదటిసారి. "అన్నారు పెద్దమ్మా. ఇంజినీరు గారే అన్నారు. నేను రాశాను."

ఇంజినీరు ముందున్న ఫైలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు.

"మినిట్స్‌లో లేనిది సభలో జరగనట్టే కదక్కా" అన్నాడు చైర్మన్, ఎంతో ప్రేమగా. "ఈ నియమం నాకు నేర్పింది నువ్వే."

అవును, ఆమే నేర్పింది. ఇన్నేళ్లలో ఎంతమంది మోసం చేసినా ఆమెకింత నొప్పి పుట్టలేదు. అతని ముఖంలో సిగ్గు కోసం వెతికింది. కనిపించలేదు.

ఆమె బల్ల దాటి వెళ్లి, ముసలావిడ చెయ్యి పట్టుకుని లేపింది. "పద పెద్దమ్మా. ఆ నీళ్లు తాగొద్దని ఇంటింటికీ చెప్పాలి. చాలా ఇళ్లున్నాయి."

"మళ్లీ ఎప్పుడొస్తావమ్మా ఆఫీసుకి?" అంది ముసలావిడ.

"రాను."

వాళ్ల వెనక తలుపు మూసుకుంది. చైర్మన్ గొంతు సవరించుకుని, పారదర్శక పాలన గురించి అరగంట మాట్లాడాడు. సభ్యులు నాలుగుసార్లు బల్లలు తట్టారు. మినిట్సక్క బల్ల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకంలో ఆనాటి తేదీ ఒక్కటే రాసి ఉంది.